దిబ్బ మీది ట్రాక్టరు

జంతువులే దుక్కి దున్నుకునే రోజుల మాట. ముళ్లపంది మూడు పంటల వేరుశనగ గింజలు మూటగట్టుకుని, చిన్న పాత ట్రాక్టరు కొందామని నక్క దొడ్డికి వెళ్లింది. ఆ మూట పోతే మళ్లీ విత్తుకోవడానికి గింజ లేదు.

దొడ్డిలో రెండు ట్రాక్టర్లున్నాయి. ఒకటి దిబ్బ మీద కొత్త ఎర్రరంగుతో మెరిసిపోతోంది. రెండోది రంగు వెలిసి, సీటు చిరిగి పల్లంలో రొచ్చులో నిలబడి ఉంది.

"రెండూ ఒకటే ధర అల్లుడూ. కళ్లున్నవాడెవడైనా ఎర్రదే పట్టుకుపోతాడు," అంది నక్క. చక్రం కింద రాయి తీసి సీటెక్కింది. బండి దిబ్బ దిగుతూ దిగుతూ ఇంజను భుగభుగమని అందుకుంది. చెట్టు మీది కోతులు చప్పట్లు కొట్టాయి.

ముళ్లపంది మూట ముడి విప్పబోయి ఆగింది.

"ఆ పల్లంలోది స్టార్టవుతుందా మావా?"

నక్క విసుక్కుంటూ వెళ్లి తాళంచెవి తిప్పింది. పాతది నాలుగుసార్లు దగ్గి, నల్లపొగ కక్కి, నిలబడ్డచోటే అందుకుంది.

"ఇప్పుడు ఎర్రదాన్ని ఆపి, అక్కడే మళ్లీ స్టార్టు చెయ్యి."

నక్క తోక సవరించుకుంది. "దానికి దిబ్బంటే అలవాటు అల్లుడూ. దిబ్బెక్కించావంటే కొండనైనా దున్నేస్తుంది."

"అయితే ఆ దిబ్బ కూడా ఇచ్చెయ్యి మావా," అంది ముళ్లపంది. "మా చేనంతా పల్లమే."