కుబేరుడు వచ్చేదాకా

“కులఘ్నుడా? ఆ పిల్ల మన వాకిలి తొక్కగూడదు.” చౌడయ్య ఆ పిల్ల జాతకాన్ని చెత్తకాగితంలా విరుదునగర్ జోస్యుడి బల్ల మీదికి విసిరాడు.

“మన కొడుకు మనసుపడిన పిల్ల,” అంది భార్య వళ్ళి.

“షష్ట్యంశలో రాశిని అరవై ముక్కలు చేస్తామమ్మా. ఒక్కో ముక్కకు ఒక దేవత. ఈ పిల్లకు వంశాన్ని చెరిచేవాడు పడినాడు,” అన్నాడు జోస్యుడు ముత్తురామన్.

“దీని జాతకంతోనే నా మగ్గాలు మూలబడినాయి. ఇంకోటి ఏమిటికి?” చౌడయ్య వళ్ళి వైపు చెయ్యి చూపాడు.

ఆ మాట వళ్ళికి కొత్త కాదు. కరెంటు పోయినా, నూలు తెగినా చౌడయ్యకు ఆమె జాతకమే కారణం.

“ఆయనదీ అట్లే చూడండి సామీ,” అంది.

“చూడండి, కుబేరుడే ఉంటాడు.” చౌడయ్య కాలు మీద కాలేసుకున్నాడు.

ముత్తురామన్ కంప్యూటర్లో చూసి గొంతు సవరించుకున్నాడు. “మీకూ కులఘ్నుడేనండి.”

చౌడయ్య కాలు దించాడు. “అప్పట్లో మా ఇంట్లో గడియారం ఎక్కడుండె? కోవిల్‌పట్టి మిల్లు సంగు, అదే సైరను, కూసినప్పుడు పుట్టినానని మా అమ్మ రాయించె. సంగు ముందో, నేను ముందో. పుట్టిన టైము కొంచెం జరిపి చూడండి.”

“రెండు నిమిషాలు జరిగితే దేవత మారిపోతుంది.”

“అయితే కుబేరుడు వచ్చేదాకా జరపండి.”

వళ్ళి మొగుణ్ణి తేరిపార చూసింది. ఇన్నేళ్ళూ ఈ మనిషి మాటకా తను తలవంచుకుని ఏడ్చింది?

ఆమె ఆ పిల్ల జాతకాన్ని చేత్తో సాపుచేసి ముత్తురామన్ ముందు పెట్టింది.

“జరపండి సామీ. ఆ చేత్తోనే ఈ పిల్లదీ జరపండి. తరువాత నాది.”