నిలబడే ఉద్యోగం

“నీ తిండిలో తప్పేం లేదమ్మా. ఆ కాళ్ళ నొప్పి నిన్ను నిద్రపోనివ్వడం లేదు. నొప్పీ, నిద్రలేమీ కలిస్తే షుగర్ దిగమన్నా దిగదు.”

బట్టల షాపు యజమాని తన పనివాళ్ళ కోసం పెట్టించిన రెండు రోజుల ఉచిత వైద్య శిబిరంలో, మొదటి రోజు డాక్టరు అన్న మాట అది. చీరల కౌంటరు ఆవిడకి కళ్ళు చెమర్చాయి. ఇన్నేళ్ళకి తన మాట నమ్మే మనిషి దొరికాడు. ఇక దాచకుండా అన్నీ చెప్పేసింది. గిరాకీ ఉన్నా లేకున్నా కూర్చోకూడదని షాపులో రూలు. పాదాల్లో నిప్పులు పోసినట్టు మంట. ఓర్చుకోలేనప్పుడు ట్రయల్ రూములో తలుపేసుకుని కాసేపు కూలబడుతుంది.

“ఒక స్టూలు వేయించమని మీవాళ్ళకి చెప్తాను,” అన్నాడు డాక్టరు. చెప్పాడు కూడా. మంచివాడే పాపం.

మర్నాడు యజమాని ఎంతో ప్రేమగా పిలిచాడు.

“స్టూలెందుకమ్మా, ఇంట్లో మంచం ఉందిగా? నీ ఆరోగ్యం కంటే మాకు వ్యాపారం ఎక్కువా? రేపట్నుంచి రాకు.”

ఇంతకంటే తిట్టి గెంటేసినా మర్యాదగా ఉండేది.

సంచీ భుజాన వేసుకుని, పక్క కౌంటరులో షుగరున్న ఇంకొకావిడ దగ్గర ఆగింది.

“ఇవాళ డాక్టరు నిన్ను పిలుస్తాడు వదినా. కాళ్ళ నొప్పులని మాత్రం నోరు జారకు. షుగరెందుకు పెరిగిందని అడిగితే, స్వీట్లు తింటున్నానని చెప్పు.”