సగంలో లేచొచ్చిన పాస్టరు

ఎవరింట్లో జబ్బు మనిషి ఉన్నా వెళ్లి తలదగ్గర కూర్చుని ప్రార్థించే పాస్టరుగారు, తన భార్య బతకదని డాక్టర్లు తేల్చేశాక, కొండమీది ప్రార్థనాలయానికి ఉపవాసానికి వెళ్లారు. వారం ఉంటానన్న మనిషి మర్నాడే తిరిగొచ్చారు.

"అప్పుడే వచ్చేశారేం?" అంది ఆవిడ, మంచం మీద నుంచే.

"నీకు బాగవ్వాలని అడుగుతుంటే దేవుడు వేరే మాట చెప్పాడు."

"ఏమన్నాడు?"

"ఇక్కడ నీకేం పని, వెళ్లి నీ భార్య పక్కన కూర్చో అన్నాడు."

ఆవిడ మొహం గోడవైపు తిప్పుకుంది. నవ్వబోయి, నవ్వలేక అంది.

"పెళ్లయినప్పటి నుంచీ నేను ఆయన్ని అడుగుతున్నది అదేనండీ. ఇప్పటికి మీతో చెప్పాడు."

పాస్టరుగారు భుజాన బైబిలు సంచితో అలాగే నిలబడిపోయారు.

"ముందా సంచి దించండి," అందావిడ. "ఇంకెవరింటికో వెళ్లేవాళ్లలా ఉన్నారు."