ఎనభై గ్రాముల మీట

"ఇది కూడ మెత్తగనే ఉన్నది. ఇంకా గట్టిది లేదా?"

నసీమా ఆ పలకను బల్ల మీద విసురుగా వెనక్కి నెట్టింది. దాని మీద రంగురంగుల మీటలు తొమ్మిది ఉన్నాయి. కీబోర్డు కొనేవాళ్లు నొక్కి చూసుకోవడానికి పరమేశ్వర్ పెట్టిన నమూనా అది. కంఠేశ్వర్‌లో కంప్యూటర్ దుకాణం తెరిచి పదకొండేళ్లయింది గానీ, మీటల మీద ఇంత పగబట్టిన మనిషిని ఆయన ఇప్పటిదాకా చూడలేదు.

"అక్కా, గిది అరవై గ్రాముల మీట. గంత బరువు నొక్కితెనే అక్షరం పడతది. గేములాడే పోరగాళ్లే చేతి ఏళ్లు గుంజుతున్నయని వాపసు తెస్తరు."

"గుంజాలె. నాకు గదే కావాలె."

"నువ్వు కొననీకి వచ్చినవా, కొట్లాటకు వచ్చినవా?"

"రెంటికీ. బోధన్ నుంచి బస్సుల నిలబడి వచ్చిన. చూపిస్తవా, ఇంకో దుకాణానికి పోవాల్నా?"

పరమేశ్వర్ నోట్లో ఏదో గొణుక్కుంటూ కింది అరలోంచి ఒక డబ్బా తీశాడు.

"ఇగో, ఎనభై గ్రాములు. దీన్ని ట్యాక్టైల్ అంటరు. సగం దాకా నొక్కినంక ఏలికి చిన్న గడప లెక్క తగుల్తది. గడప దాటితెనే అక్షరం. తెల్వకుండ పడుడు ఉండదు."

నసీమా చూపుడువేలు ఆనించి నెమ్మదిగా నొక్కింది. గడప తగిలింది. అక్కడే ఆగి, వేలు వెనక్కి తీసుకుంది.

"గిది ముందే ఉంటే ఆ పిల్ల బతుకు ఆగం కాకపోవు."

"ఏ పిల్ల?"

"మా గల్లీల రిదా. చెరుకు రసం బండి దస్తగిర్ భాయ్ బిడ్డ. నర్సింగ్ సీటుకు నెట్ సెంటర్ల ఫారం నింపిచ్చుకున్నది. రిజర్వేషన్ కాడ పిల్ల బీసీ-ఈ అని మంచిగనే చెప్పింది. ఆపరేటర్ ఏలు జారి కింది మీటకు తగిలింది. బీసీ-డీ పడ్డది. గా కీబోర్డు ఎట్లాంటిదనుకున్నవ్, ఈగ వాలినా అక్షరం పడతది! మొన్న సర్టిఫికెట్లు చూసే రోజు ఫారం, సర్టిఫికెట్ కల్వలేదు. సీటు ఇంకొకరికి పోయింది."

"దిద్దుకోనీకి గడువియ్యరా?"

"అది ఎన్నడో అయిపాయె."

పరమేశ్వర్ నాలుక చప్పరించాడు. "ఆపరేటర్ గాని చేతులిరగ!"

"గాడు కాదు. ఆడిదే."

"ఎవరైతేంది! తప్పు ఒప్పుకున్నదా?"

"ఒప్పుకుంటే నాకు గింత మంటెందుకు?" నసీమా గొంతు పెరిగింది. పక్కన చార్జర్ బేరమాడుతున్న ముసలాయన తిరిగి చూశాడు. "దస్తగిర్ భాయ్ సెంటర్ ముంగటనే పిల్లను చెంప మీద కొట్టిండు. నువ్వే తప్పు చెప్పినవ్, ఊరంత నవ్వుతున్నరు అని. 'నేను సరిగనే చెప్పిన అబ్బాజాన్' అని ఒక్కటే మాట అన్నది పిల్ల. ఇంకోటి పడ్డది. నా కండ్ల ముందటనే."

"అప్పుడు ఆ ఆపరేటర్ ఏం జేస్తున్నది?"

"తలకాయ దించుకోని చాయ తాగుతున్నది."

"చాయా?" పరమేశ్వర్‌కు కూడా కోపం వచ్చింది. "నోరు పడిపోయిందా దానికి?"

"పడిపోయింది. పొద్దుగూకినంక ఆ ఫారం కాయిదం తీసి చూసుకున్నది. తన తప్పేనని ఎరుకైంది. అయినా సప్పుడు చెయ్యలే. గల్లీల తెలిస్తే సెంటర్‌కు ఎవ్వరు రారని భయం. చంకల పాలు తాగే పిల్ల ఉన్నదాయె."

"దాని పిల్లకు పాలు కావాలె, ఇంకోళ్ల పిల్ల దెబ్బలు తినాలె! మంచిగున్నది న్యాయం. సిగ్గులేని ముం..." పరమేశ్వర్ ఆగాడు. "మాఫ్ చెయ్యి అక్కా, నోరు జారింది."

"తిట్టన్నా. ఇంకా తిట్టు. సాలలేదు."

ఆమె కళ్లు ఎర్రబడి ఉన్నాయి. పరమేశ్వర్ గొంతు తగ్గించాడు. "మందిపిల్ల కోసం గింత కోపం చేస్తున్నవ్. అందరు గిట్లుంటే బాగుండు."

"నన్ను పదో తరగతిలనే ఆపిండ్రు. ఆ పిల్లన్న చదువుతదనుకున్న. ఇప్పుడు దాన్ని కూడ దస్తగిర్ భాయ్ ఆపుతున్నడు. ఇయ్యాల బస్సెక్కిచ్చి మోస్రా ఊర్ల ఉన్న మేనత్త ఇంటికి తోలుతుండట. ఆడ సంబంధం కూడ చూసి పెట్టిండ్రట."

"మరి గీ కీబోర్డు ఎవరికి?"

"గా ఆపరేటర్‌కే. దాని ముంగట పెడ్త. ఒక్కొక్క అక్షరానికి దాని ఏలు నొయ్యాలె. ఇంకొకరి పిల్ల మీద చెయ్యి జారొద్దు."

పరమేశ్వర్ డబ్బా మూత మూసి, దాని మీద అరచెయ్యి పెట్టాడు. ఇవ్వలేదు.

"ఎనభై గ్రాములు కాదక్కా, ఎనభై కిలోలు పెట్టు. ఏమొస్తది? కీబోర్డు మారిస్తే ఆ పిల్ల బస్సు దిగొస్తదా? దస్తగిర్‌కు నిజం ఎవరో ఒకరు చెప్పాలె గద. గామె చెప్పదు. నువ్వన్న చెప్పు. అంత చూసినవ్."

"చెప్తే గల్లీల తిరగనిస్తరా?"

"ఎవర్ని? నిన్నెవరేమంటరు?"

నసీమా కొంగుతో ముఖం తుడుచుకుని, సంచిలోంచి ఫోను తీసింది. పేరు వెతికింది. వేలు కాసేపు దాని మీద ఆగింది. తర్వాత గట్టిగా నొక్కింది.

"దస్తగిర్ భాయ్, నసీమాను. రిదాను బస్సెక్కియ్యకుండ్రి... లేదు భాయ్, ఆగుండ్రి, నా మాట ఇనుండ్రి. పిల్ల అబద్ధం చెప్పలే."

అవతలి అరుపు పరమేశ్వర్‌కు కూడా వినిపించింది. ఆయన బల్ల మీదుగా ముందుకు వంగాడు.

"భయపడకక్కా," అన్నాడు పళ్లు బిగించి. "ఆ ఆపరేటర్ పేరు చెప్పు. దాని ఇజ్జత్ పోనీ."

నసీమా ఆయన వైపు చూసింది. ఫోను రెండు చేతులతో పట్టుకుంది.

"తప్పు అక్షరం కొట్టింది నేనే, భాయ్."