వంకాయరంగు అంచు

"ఏమే, ఆ దుప్పటి దించు. ముందు దించు."

మల్లికార్జున డాబా మెట్లెక్కుతూనే కేకేశాడు. ఊలు దుప్పటికి ఆఖరి ముడి వేసి, నీళ్ళలో ఒకసారి జాడించి, పిట్టగోడ మీద ఆరేసి మురిసిపోతున్న ప్రశాంతికి ఒళ్ళు మండింది.

"బాలేదని చెప్పు, దించుతా. ఆ అరుపులేంది?"

"బాగుండటం కాదే. అంచు చూడు."

చూసింది. మధ్యలో ఎరుపు, పసుపు, గులాబీ, నీలం, ఉన్న రంగులన్నీ గళ్ళు గళ్ళుగా ఉన్నాయి. చుట్టూ జానెడు వంకాయరంగు అంచు. గళ్ళన్నీ డాబా వైపు పడ్డాయి. వీధివైపు వేలాడుతున్నది మాత్రం ఆ అంచొక్కటే.

ఆ ఊళ్ళో పెత్తనమంతా చిలకపచ్చ జెండా వాళ్ళది. వంకాయరంగు జెండా వాళ్ళు ఉన్నా, నోరు మూసుకుని ఉంటారు. పంచాయతీ ఎన్నికలు నెత్తిమీదకొచ్చాయి. ఇలాంటప్పుడు మనిషి ఏ రంగు చొక్కా తొడిగాడో కూడా చూస్తారు. గుత్తివంకాయ కూర తినడానికి మాత్రం ఎవరికీ అభ్యంతరం లేదు.

"కొట్లో ఆ రంగే మిగిలింది. నన్నేం చెయ్యమంటావ్?"

"నాగూర్ వలి మాత్రం ఏం చేశాడే? కూతురి పెళ్ళికి ఆ రంగు షామియానా దొరికిందని వేశాడు. వారం తిరక్కుండా కొట్టు కాలిపోయింది. ఇయ్యాల్టికీ కరెంటు షార్ట్ అనే చెబుతున్నారు."

ప్రశాంతి గబగబా దుప్పటి లాగింది. అప్పటికే కింద బండి ఆపుకుని హనుమంతరావు ఫోన్‌తో ఫోటో తీసేశాడు. అతను జానకిరామయ్య మనిషి. ఇక జానకిరామయ్య అంటారా, ఆ ఊళ్ళో చిలకపచ్చ పార్టీ అంటే ఆయనే.

"విప్పెయ్యవే. మొత్తం విప్పి ఉండలు చుట్టు. అడిగితే దుప్పటే లేదందాం."

"ఫోటో తీసుకుపోయినాక లేదంటే నమ్ముతారా? చెల్లెలి బిడ్డకని వానాకాలం నుంచీ అల్లుతున్నానయ్యా..." ప్రశాంతి దుప్పటిని గుండెలకి హత్తుకుంది.

మల్లికార్జున ఫోన్ మోగింది. వింటూ వింటూనే మెట్టు మీద కూలబడ్డాడు.

"పెద్దాయన రమ్మంటున్నాడంట. నన్ను కాదు, నిన్ను. దుప్పటి కూడా పట్రమ్మన్నాడు."

తడి దుప్పటి చంకన పెట్టుకుని ప్రశాంతి వీధిలో నడిచింది. రోజూ "ఏం కూర వండావే" అని పలకరించే మంగమ్మత్త ఆమెను చూసి తలుపు వేసుకుంది. దాంతో ఉన్న కాస్త ధైర్యం కూడా పోయింది. "నోరు జారమాక. ఏమన్నా తల వంచుకో," అంటూ మొగుడు వెనకాలే వస్తున్నాడు. రాళ్ళ లారీని ఒంటిచేత్తో క్వారీలోంచి పైకెక్కించే మనిషి, నడుస్తూ నడుస్తూ రెండుసార్లు తడబడ్డాడు.

జానకిరామయ్య ఇంటి గేటు లోపల ప్లాస్టిక్ కుర్చీల్లో కూర్చున్నవాళ్ళు మాటలాపేశారు. హనుమంతరావు మల్లికార్జున గుండెల మీద చెయ్యి పెట్టాడు.

"నువ్వు ఈడనే ఉండు."

లోపల గదిలో జానకిరామయ్య ఒక్కడే ఉన్నాడు.

"హనుమంతూ, నువ్వు కూడా బయటికి పో."

హనుమంతరావు తెల్లబోయి వెళ్ళాడు. జానకిరామయ్య లేచి తనే గడియ పెట్టాడు. ప్రశాంతి గోడకి జరిగింది. దుప్పటి లాక్కుని ఆయన అంచుని వేళ్ళతో నలుపుతూ చాలాసేపు చూశాడు.

"ఈ రంగు ఎవరు వెయ్యమన్నారు?"

"ఎవరూ చెప్పలేదు పెదనాన్నా. దుకాణంలో అదే మిగిలింది."

"అబద్ధం చెప్పమాక. సరిగ్గా మా ఇంటికి కనపడేట్టు, సరిగ్గా ఇయ్యాలే ఆరేశావు. నీ వెనకాల ఎవరున్నారు?"

"నా బిడ్డ మీద ఒట్టు. నాకు పార్టీలు తెలియవు. మా ఆయనకి అసలే తెలియదు. ఆయన్నేం చెయ్యమాకండి."

"ఇంకెంతమందికి తెలుసు?"

ఏం తెలియాలో ఆమెకు అర్థం కాలేదు. ఏడుపు ఆగలేదు. నేల మీద కూర్చుని, దుప్పటి లాక్కుని, పొద్దున వేసిన ముడి కోసం వెతికింది.

"మీ కళ్ళ ముందే విప్పేస్తా పెదనాన్నా. అంచు మొత్తం పీకేస్తా. మమ్మల్ని ఊళ్ళో బతకనియ్యండి."

ముడి ఊడింది. సర్రుమని ఒక వరస విడిపోయింది. జానకిరామయ్య వంగి ఆమె చెయ్యి పట్టుకున్నాడు.  ఆయన ఒకసారి తలుపు వైపు చూసి, గొంతు తగ్గించాడు.

"ఎల్లుండి నేను వంకాయరంగు కండువా కప్పుకునే సంగతి మా ఇంట్లో ఆడవాళ్ళక్కూడా చెప్పలేదు. నీకెవరు చెప్పారు తల్లీ?"