గాలి గేటు కాపలా

"కాల్చండి టీచరమ్మా! ఇంకా ఏం చూస్తున్నారు, ముహూర్తమా?"

పళ్ళ డాక్టరు అరుపుకు బల్ల చుట్టూ ఉన్న మిగతా ఏడుగురూ తలెత్తారు. ఇటు నలుగురికీ ఆయనే కెప్టెన్. పన్నెండడుగుల బల్ల మీద ఒక ఎర్రటి గ్రహం పరుచుకుని ఉంది. థర్మకోల్ కొండలు, డబ్బా మూతలతో చేసిన ఇంధనం ట్యాంకులు, వాటి సందుల్లో బొటనవేలంతేసి సైనికులు. కుడి చివర గాలి గేటు. గ్రహం మీది కాలనీకి ఊపిరి వచ్చేది అందులోంచే. ఒక పెద్ద తుపాకీతో, తొమ్మిది మంది సైనికులతో ఆరో రౌండు ముగిసేదాకా దాన్ని నిలబెట్టడం లెక్కల టీచరు పని.

ఆమెకు ఎదురుగా, పచ్చ పురుగుల సేనతో, కళ్ళజోళ్ళ షాపాయన.

"ఒక్కటే గుండు ఉంది డాక్టరుగారూ. దాచుతున్నాను."

"దాచుకోవడానికి అదేమన్నా బంగారమా? రాణి పురుగు తుపాకీ మొన దగ్గరే ఉంది. కొడితే ఆయన సేన అంతా ఇక్కడితో సరి. పన్ను కదిలినప్పుడే పీకెయ్యాలమ్మా!"

"ఇంకా రెండు రౌండ్లున్నాయి కదండీ."

"వినండి. గేటు పోయిందో, వచ్చే నెల నుంచి మీరు ఎడమ చివరకు. ఇక్కడ నేను నిలబడతా." అందరికీ వినబడేట్టే అన్నాడు.

పదకొండు నెలలుగా, నెలకో ఆదివారం, టీచరు ఈ చివరే నిలబడుతోంది. ఈ చోటు వదలడం ఆమె వల్ల కాదు.

ఈ ఆటలో ఎవరూ నోరు మెదపకుండా బొమ్మ కదపకూడదు. ఎవర్ని, ఎంత దూరం కదుపుతున్నదీ ఎదుటివాళ్ళకు చెప్పాలి. వాళ్ళు ఏం అడిగినా జవాబివ్వాలి. వాళ్ళు 'సరే' అన్నాకే ఎత్తు చెల్లుతుంది. ఎదుటి పక్షాన్ని పేరుతోనూ వరసతోనూ పిలవకూడదు. బల్ల దగ్గర అందరూ కమాండర్లే.

"ఇద్దరు సైనికుల్ని ట్యాంకు చాటుకు జరుపుతున్నాను, కమాండర్. మూడు అంగుళాలు."

"మూడా, మూడున్నరా?" అన్నాడు కళ్ళజోళ్ళ షాపాయన.

"టేపు మీ చేతిలోనే ఉంది. చూసుకోండి."

"కనబడ్డం లేదు. మీరే చెప్పండి."

పక్కవాళ్ళు పకపకా నవ్వారు. "ఊరందరికీ అద్దాలు అంటగట్టేవాడికి చూపు ఆనదట!"

"మూడే," అంది ఆమె.

"సరే."

ఆయన వంతు వచ్చింది. పురుగులు నాలుగు వైపుల నుంచీ కమ్ముకొచ్చాయి. ప్రతి పురుగునీ జరిపేముందు ఆయన నింపాదిగా చెప్పాడు, ఆమె నింపాదిగా వింది. ఒకచోట ఆపింది.

"ఒక ప్రశ్న కమాండర్. ఆ రెక్కలకు అంత మెరుపు ఎలా వచ్చింది?"

"గోళ్ళ రంగు వేశాను. ఒక పాత సీసా అడుగున కాస్త మిగిలితే."

"పాతదా?"

"ఈమధ్య ఎవరూ పెట్టుకోవడం లేదు."

ఆమె తన టేపు చుట్టింది, విప్పింది, మళ్ళీ చుట్టింది. "...సరే."

"కబుర్లు తర్వాత చెప్పుకుందురుగానీ, ఆట కానివ్వండి!" పళ్ళ డాక్టరు పళ్ళు నూరాడు.

ఐదో రౌండులో డాక్టరు అన్నంతా అయింది. దాచిన గుండు దాచినట్టే ఉండగా పురుగులు తుపాకీని నేలమట్టం చేశాయి. "సరే" అనక తప్పలేదు ఆమెకు. గేటు ముందు తొమ్మిది మంది సైనికుల్లో ముగ్గురు, ముగ్గురిలో ఒక్కడు మిగిలాడు. వాడి చేతిలో ఆయుధం కూడా లేదు, వీపున రేడియో పెట్టె తప్ప. డాక్టరు వైపు చూసే ధైర్యం ఆమెకు లేకపోయింది.

ఆరో రౌండు. మిగతా బల్లంతా లెక్క సరిసమానం. గెలుపోటములు గేటు మీదే నిలిచాయి. ఎనిమిది మందీ కుడి చివరకు మూగారు. రాణి పురుగు సైనికుడికి అంగుళం దూరంలో ఉంది. పాచికలో ఒకటి తప్ప ఏది పడినా గేటు ఆయనదే.

ఆయన పాచిక తీసుకున్నాడు. అరచేతిలో దొర్లించాడు. ఆమె బల్ల అంచు పట్టుకుంది. ఆయన ఆమె ముఖంలోకి చూసి, పాచికను మెల్లగా పక్కన పెట్టేశాడు.

"రాణిని వెనక్కి తీస్తున్నాను, కమాండర్. ఆరు అంగుళాలు."

"మతిపోయిందా నీకు!" అవతలి కెప్టెన్ కేక పెట్టాడు. "చేతికందింది నేలపాలు చేస్తావా?"

"చెప్పేశాను. ఆవిడ సరే అంటే అయిపోయినట్టే."

ఆమె బల్ల అంచు వదిలి ముందుకు వంగింది.

"ఎందుకు, కమాండర్?"

అడిగితే జవాబు ఇచ్చి తీరాలి. ఆయన పాచిక వైపు చూస్తూ అన్నాడు.

"మీరు ఎడమ చివరకు పోతే, ఇక్కడ నాకు సరే అనేవాళ్ళెవరు?"

ఎవరో ఈల వేశారు. "అద్దాలాయన పడిపోయాడర్రోయ్!" అని ఇంకెవరో. ఆమె తల దించుకుంది.

"సరే," అంది.

గంట మోగింది. గేటు నిలిచింది. పళ్ళ డాక్టరు చిన్నపిల్లాడిలా గెంతి, "ఈ చోటు మీదేనమ్మా, నా మాటే శాసనం!" అన్నాడు. అవతలి జట్టు కళ్ళజోళ్ళ షాపాయన్ని చెడామడా దులిపేస్తోంది. ఆయన నవ్వుతూ ఒక్కో పురుగునీ దూదిలో చుట్టి పెట్టెలో సర్దుకున్నాడు.

"వచ్చే నెల వస్తారా, కమాండర్?"

"వస్తాను, కమాండర్."

ఆమె ముందు బస్సు ఎక్కింది. ఆయన తర్వాతి బస్సు ఎక్కాడు.

ఇంటికి చేరాక ఆ ఆలుమగలు ఎప్పట్లాగే ఒకే బల్ల దగ్గర, మాటా పలుకూ లేకుండా భోంచేశారు.