సీసా మీద జనరల్

"ఆ మొహం ఉన్న సీసాలోది నేను తాగను," అన్నాడు ఎలిహు మంచంలోంచే.

కొట్టం కప్పు మీంచి పడి అతని కాలు విరిగింది. అమెరికా అధ్యక్ష ఎన్నికల్లో ఆడమ్స్ మీద జాక్సన్ గెలిచినప్పటినుంచీ అతనితో మాటల్లేని పొరుగింటి అమాసా, విస్కీ పట్టుకుని చూడవచ్చాడు. ఆకుపచ్చ గాజు మీద జనరల్ జాక్సన్ బొమ్మ ఉబ్బెత్తుగా మెరుస్తోంది.

"వెనక్కి తిప్పుకో. అటు గద్ద బొమ్మ ఉంది," అన్నాడు అమాసా.

"తిప్పితే మాత్రం ఆయనెక్కడికి పోతాడ్రా? నేను ఆడమ్స్ మనిషిని!"

అమాసా కాసేపు తటపటాయించాడు. తర్వాత, తను దేవుడిలా కొలిచే జనరల్ మొహాన్ని అరచేత్తో మూసేసి, సీసా ఎలిహు నోటికి అందించాడు.

"ఇప్పుడు తాగరా, మొండి వెధవా!"

ఎలిహు గుటకేసి, ఆ చేతివంకే చూస్తూ ఉండిపోయాడు. ఇన్నాళ్ల కోపం నవ్వై బయటికొచ్చింది.

"చెయ్యి తియ్యరా. పాపం, పెద్దాయనకి ఊపిరాడ్డం లేదు."